దీపం ముందటి చీకటి



తెలుగు పండితునికి సైకిలు పందేలతో పనేమిటని కొందరికి తోచవచ్చు. గణవిభజన వదలి గేరుచక్రాల వెంట పడ్డాడని నవ్వుకొన్నా నాకు అభ్యంతరం లేదు. 1982 నుండి ఇరవైయేండ్లకు పైగా నేను బడికి వెళ్ళివచ్చింది సైకిలు మీదనే. అందులో సగం రోజులు తిరుగు ప్రయాణం చీకటిలోనే. దీపం గురించీ చీకటి గురించీ మాట్లాడే అర్హత ఆ మాత్రం ఉన్నదనుకొంటాను. పైగా ఈ విషయమై మా అబ్బాయికీ నాకూ నడుమ 2020 నుండి ఒక వాదం తెగకుండా సాగుతున్నది. అతని పక్షాన మాట్లాడేవారు అతనికి చాలామంది ఉన్నారు. నా పక్షం ఇక్కడ చెప్పుకొంటాను.

ఆ యేడు ఫిబ్రవరిలో మేము అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రంలో అబ్బాయి ఇంట ఉన్నాము. టూసాన్ నగరానికి ఉత్తరాన, ఒరకల్ అనే ఊరికి దగ్గరి ఎడారిలో ఒక సైకిలు పందెం. పేరు 'ట్వెంటీఫోర్ అవర్స్ ఇన్ ది ఓల్డ్ ప్యూబ్లో'. 'ఓల్డ్ ప్యూబ్లో' అన్నది టూసాన్‌కు ముద్దుపేరు, 'పాత ఊరు' అని అర్థం. 2000లో మొదలైన పందెమిది. శనివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆరంభించి ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటి దాకా తొక్కుతూనే ఉండాలి. చుట్టు ఒక్కొక్కటి పదహారు మైళ్ళు, అంటే మన లెక్కలో ఇరవైయారు కిలోమీటర్ల దాపు. కొందరు జట్టుగా వంతులు వేసికొంటారు, కొందరు ఒంటరిగానే ఇరవైనాలుగు గంటలూ లాగుతారు. మావాడు నలుగురి జట్టులో ఒకడు. ముగ్గురు తెలుగువాళ్ళు, ఒక గుజరాతీ.

ఈ రకపు పందేలకు 1992లో వెస్ట్ వర్జీనియాలో లెయిర్డ్ నైట్ అనే ఆయన ఆద్యుడని చెబుతారు. అప్పుడు అది జట్ల ఆట మాత్రమే. 1996లో జాన్ స్టామ్‌స్టాడ్ అనే ఆయన తన పేరునే నాలుగు విధాలుగా మార్చి వ్రాసి, నలుగురి జట్టుగా నమోదు చేయించుకొని, ఒక్కడే మొత్తం తొక్కాడట. మన అవధానులకు తీసిపోని గడుసుదనం. ఒంటరి పోటీకి దారి వేసినది ఆ చమత్కారమే.

నాకు మాత్రం ఈ వ్యవహారం మొదటినుండీ గిట్టలేదు. ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న మనిషికి అర్ధరాత్రి రాళ్ళబాటల మీద సైకిలు తొక్కే పనేమిటి? తిన్నది అరగని చేష్ట అని అతని తల్లితో అననే అన్నాను. అసలు కారణం అది కాదు. 1986 కార్తీకమాసంలో, బడినుండి వస్తూ, కాలువగట్టు మీద పడ్డాను. అప్పటి సైకిలుకు డైనమో ఉండేది. చక్రానికి ఒరుసుకొని తిరిగే ఆ బుడ్డి వేగంగా తొక్కితే వెలుగు, నెమ్మదిస్తే మినుకు, ఆగితే చీకటి. ఎదురుగా గేదె అడ్డం వస్తే వేగం తగ్గించాను, దీపమూ తగ్గింది. తూము దగ్గర లేచి ఉన్న రాయి కనబడలేదు. మణికట్టు విరిగి ఆరు వారాలు సుద్దముక్క పట్టలేదు. జాగ్రత్త ఎక్కువ కావలసిన క్షణంలోనే వెలుగు తక్కువయ్యే ఆ పరికరాన్ని తలచుకొంటే నాకు ఇప్పటికీ కోపమే. ఆ తరువాత మావాడిని పెద్ద చదువుకు ఊరు దాటేవరకు పొద్దు గుంకాక సైకిలు ముట్టనివ్వలేదు. ముప్పైయారేండ్ల వయసులో వాడు ఆ బాకీ తీర్చుకొంటున్నాడని నాకు అనిపించింది.

సరే, వెళ్ళాము. ఎడారిలో ఒక్క వారాంతానికి పుట్టిన గుడారాల ఊరు. చుట్టూ సవారో జెముడు స్తంభాలు, వాటి నడుమ చోయా పొదలు. ఈ చోయా మన నాగజెముడుకు పినతల్లి బిడ్డ. తాకీ తాకకముందే ముళ్ళకణుపు ఊడి ఒంటికి అంటుకొంటుంది. దానిని దువ్వెనతో పెకలించాలట. మావాడి జేబులో దువ్వెన చూసి ఈ దుమ్ములో సింగారమెందుకని అడిగి నవ్వులపాలయ్యాను.

ఫిబ్రవరి నడుమ అక్కడ రాత్రి దాదాపు పదమూడు గంటలు. అంటే ఇరవైనాలుగు గంటల పందెంలో సగానికి పైగా చీకటిపాలే. సాయంత్రం ఒక వేళ దాటాక దీపం లేనివాడిని చుట్టుకు పంపరు. లోకంలో ఇటువంటి పందేలు పలుచోట్ల ఉన్నవి; స్కాట్లండ్ ఉత్తరాన జనవరిలో జరిగే స్ట్రాత్‌పఫర్‌లో పదిహేడు గంటల చీకటి అని మావాడు చెప్పాడు. కెనడాలోని యూకాన్‌లో జూన్‌లో జరిగే దానికైతే దీపమే అక్కరలేదు, రాత్రి పూర్తిగా చీకటి పడదు కనుక.

రాత్రి తొమ్మిది గంటల వేళ గుడారం బయట కుర్చీలో కూర్చొని చూస్తే, దూరపు దిబ్బల మీద దీపాల వరుస ఒకటి కదులుతున్నది. మనుషులు కనబడరు, చప్పుడు వినబడదు, చుక్కలు మాత్రం పాకుతున్నవి. ఇంకా ఆరు రోజులలో శివరాత్రి. జాగరణకు కోటప్పకొండ ఎక్కే జనం గుర్తుకు వచ్చారు. తిన్నది అరగని చేష్ట అన్న మాటను ఆ రాత్రే వెనుకకు తీసికొన్నాను. నిద్ర మాని, ఒళ్ళు హూనం చేసికొని, చేతికి ఏమీ రాని పనికి ఇంతమంది ఇష్టపడి వస్తే దానిని వెర్రి అనడానికి, జాగరణ చేసే జాతివాడిని, నాకు నోరు రాలేదు.

నా తగవు పందెంతో కాదు, దీపాలతో.

మావాడి హెల్మెట్ మీద ఒక దీపం, హ్యాండిల్‌బారు మీద ఒకటి. హెల్మెట్ దీపం ఒక్కటే పదిహేను వందల ల్యూమెన్లట. మొదటి రాత్రి చుట్టు తిరిగి వచ్చి, "బాట పగలులా ఉంది నాన్నగారూ, కాని గుంటలు తెలియడంలేదు" అన్నాడు. ఇంకా పెద్ద దీపం కొనవలసింది అని జట్టువాళ్ళు చర్చ మొదలుపెట్టారు. బడిపంతులు బుద్ధి ఊరుకోదు కదా. నాలుగు గులకరాళ్ళు ఏరి గుడారం ముందు నేల మీద పరచి, టార్చి తెమ్మన్నాను. కంటి పక్కన పెట్టి వేస్తే రాళ్ళూ నేలా ఒకటే రంగుగా, చాప పరచినట్లు కనబడినవి. అదే టార్చిని మోకాలి ఎత్తుకు దించి, ముందుకు వాల్చి వేస్తే ప్రతి రాయికీ వెనుక పొడుగాటి నీడ లేచింది. ఇందులో గారడీ ఏమీ లేదు. వెలుగు, కన్ను ఒకేచోట ఉంటే రాయి తన నీడను తానే కప్పుకొంటుంది. ఎత్తుపల్లాలను కంటికి చెప్పేది నీడ. దీపం నీడను పుట్టించాలి గాని చంపరాదు.

నా పాత డైనమో దీపం ముందుచక్రం పైన, తక్కువ ఎత్తులో బిగించి ఉండేది. గుడ్డిదే అయినా, సాగినంతసేపు గులకరాయిని సైతం చూపేది అందుకేనని నాకు ఆ రాత్రి, అరవై దాటాక, అర్థమయింది. పడవేసినది దాని గుడ్డితనం కాదు, ఆగినప్పుడు ఆరిపోయే గుణం. బ్యాటరీ దీపానికి ఆ గుణం లేదు. మరి మిగిలిన వెలుగు దేనికి?

"మాస్టారూ, గంటకు ఇరవైయైదు కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఏడు మీటర్లు పోతాము. మూడు సెకన్ల ముందు దారి కనబడకపోతే బ్రేకు వేసేలోపు జెముడు పొదలో ఉంటాము" అన్నాడు గుజరాతీ కుర్రవాడు. న్యాయమైన మాటే. బాట మలుపు తిరిగేచోట హ్యాండిల్‌బారు దీపం ఎదురుగా ఉన్న పొదను చూపిస్తుంది, తల తిరిగిన వైపు చూపేది హెల్మెట్ దీపమే. దానిని వద్దనను. ఇరవై మీటర్లు కనబడడానికి అంత వెలుగు కావాలా అన్నదే నా ప్రశ్న. 1990ల నాటివాళ్ళు పది పదిహేను వాట్ల హాలోజన్ బల్బులతో, నీళ్ళసీసా అంత బ్యాటరీ తగిలించుకొని తొక్కారు. రెండు మూడు వందల ల్యూమెన్లు ఉండేవేమో. ఎల్.ఇ.డి., లిథియం బ్యాటరీ వచ్చాక వేయి, రెండు వేలు మామూలైనవి. బాటలు మాత్రం అప్పటివే, రాళ్ళు అప్పటివే.

ఈ పోటీలో నష్టపోయేవాడు ఎవడో చెబుతాను. సన్నని బాట మీద నా ముందు ఒకడు చిన్న దీపంతో పోతున్నాడనుకోండి. నేను వెనుకనుండి రెండు వేల ల్యూమెన్లతో దగ్గరకు వచ్చాను. నా వెలుగు అతని వీపున పడి, అతని నీడనే అతని ముందు బాట మీద పరుస్తుంది. అతని చిన్న దీపం ఆ నీడను తుడవలేదు. అతడు తొక్కుతున్నది తన నీడలోకి. దీపం కింద చీకటి అని మనకు సామెత ఉన్నది. దీపం ముందు చీకటి ఇది, అదీ ఎదుటివాని నెత్తిన. అప్పుడు అతడేమి చేస్తాడు? మరుసటి యేడు ఇంకా పెద్దది కొంటాడు. అతని ముందువాడు మరొకటి. అంగడివాడికి పండుగ.

పైగా చీకటికి అలవాటుపడడానికి కంటికి అరగంట పడుతుంది. ఒక్క తీక్ష్ణమైన దీపం ముఖాన పడితే ఆ అరగంట సంపాదన పోతుంది. మావాడి రెండో రాత్రి చుట్టు ఒంటిగంట తరువాత. అప్పటికి అష్టమినాటి సగం చంద్రుడు కొండమీదికి వస్తున్నాడు. హెల్మెట్ దీపాన్ని సగానికి తగ్గించి, హ్యాండిల్‌బారు దీపాన్ని కొంచెం కిందికి వాల్చి వెళ్ళమన్నాను. వెళ్ళాడు. నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. నా సిద్ధాంతం వలననేనని జట్టువాళ్ళు, నిద్ర వలన అని నేను. వాడు మాత్రం, "జెముడు స్తంభాలు వెన్నెల్లో కనిపించాయి నాన్నగారూ, మొదటి చుట్టులో అవి ఉన్నాయనే తెలియలేదు" అన్నాడు. ఆ మాట నా లెక్కలో నాలుగు నిమిషాలకు పైనే.

తెల్లవారుజామున మరొకటి జరిగింది. జట్టులోని ఒక కుర్రవాడు వెళ్ళి రెండు గంటలైనా రాలేదు. మావాడు గడియారం చూస్తూ తిరుగుతున్నాడు, నేను పైకి ఏమీ అనకుండా దుప్పటిలో నా మణికట్టు తడుముకొంటున్నాను. దీపాన్ని పూర్తి వెలుగులో పెట్టుకొని వెళ్ళాడట, అయిదు కిలోమీటర్లు ఉండగా బ్యాటరీ అయిపోయింది. రెండోది గుడారంలోనే మరచిపోయాడు. నడిపించుకొని వస్తూ ఉండగా ఒంటరిగా తొక్కుతున్న ఒక స్త్రీ వెనుకనుండి వచ్చి, తన వెనుక నడవమని చెప్పి, వేగం తగ్గించి చివరిదాకా వెంట తెచ్చిందట. ఆమె దీపం అన్నిటికంటె తక్కువ మెట్టులో ఉన్నదని కుర్రవాడు ఆశ్చర్యపడ్డాడు. పదమూడు గంటల రాత్రి మొత్తం ఒక్కతే తొక్కేది. బ్యాటరీలు పొదుపు చేసికోవాలి కదా. ఆ పొదుపు వెలుగు ఇద్దరికి సరిపోయింది. ఆమెకు ఎన్ని నిమిషాలు పోయినవో ఎవరూ లెక్క కట్టలేదు.

కనుక నా వాదం ఇది. ఇటువంటి పందేలలో దీపం ఉండి తీరాలన్న నియమం మంచిదే. ఇంతకు మించరాదన్న నియమం కూడా ఉండాలి. రెండు దీపాలకూ కలిపి వేయి ల్యూమెన్లు చాలునని నా అంచనా. దాటబోయేవాడు ముందువాని వీపు కనబడగానే హెల్మెట్ దీపం తగ్గించాలి. మీట బొటనవ్రేలి కిందికి వచ్చేలా అమర్చుకొనే దీపాలు ఇప్పుడు దొరుకుతున్నవి. జర్మనీలో రహదారి మీద సైకిలు దీపం ఎదుటివాని కంట పడరాదని చట్టమే ఉన్నది. కొండబాటకు ఆ చట్టం అట్లే అతకదు, కొమ్మలూ మలుపులూ ఉంటాయి కనుక. దాని వెనుకనున్న మర్యాద అతుకుతుంది.

మావాడి జవాబు వినండి. "పెట్టె మీది అంకె నమ్మలేము, బాట పక్కన నిలబడి కొలిచేదెవరు నాన్నగారూ? మూడు గంటల వేళ కళ్ళు మూతలు పడుతుంటే ఎక్కువ వెలుగే మెలకువ." మొదటిదానికి నావద్ద సరియైన జవాబు లేదు, ఒప్పుకొంటాను. రెండవదానికి ఉన్నది. కళ్ళు మూతలు పడేవాడు దిగి పడుకోవాలి.

ఫోనులో మాట్లాడినప్పుడల్లా ఇది ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. మొన్న తన పాత హ్యాండిల్‌బారు దీపం నాకు పంపించాడు. నా సైకిలు ముందుచక్రం పక్కన, వెనుకటి డైనమో దీపం ఉండేచోటనే కట్టించుకొన్నాను. అన్నిటికంటె తక్కువ మెట్టులో పెట్టి, 1986 తరువాత భయం లేకుండా మొదటిసారి, రాత్రి ఏడు గంటలకు కాలువగట్టు మీద తూము దాకా వెళ్ళివచ్చాను. ఆ రాయి ఇప్పుడు లేదు, సిమెంటు వేశారు.