అటక మీది పెట్టె

మా చీరాల ఇంట్లో అటక మీద హార్మోనియం పెట్టె ఒకటున్నది. దాన్ని పట్టుకునే మా నాన్నగారు పద్యనాటకాలకు వెళ్ళేవారు. మొన్న మనుమరాలు కీబోర్డు కొనిపెట్టమన్నది. "ఆ పాత పెట్టె అమ్మేస్తే అటకైనా ఖాళీ అవుతుంది గదా!" అన్నది మా ఆవిడ.

కీబోర్డు వచ్చింది. ఒక మీట నొక్కితే పియానో, మరొకటి నొక్కితే వేణువు, ఇంకొకటి నొక్కితే సాక్షాత్తూ హార్మోనియం! శ్రుతి మార్చడానికీ ఒక మీటే.

అమ్మేముందు తేడా చూద్దామని పెట్టె దించాను. అసలు పియానోలో సుత్తి తీగెను కొడితే చెక్కపలక మ్రోగుతుంది. హార్మోనియంలో తిత్తి గాలికి ఇత్తడి రీడు అదురుతుంది. మా కీబోర్డులో ఆ మ్రోతలను ముందే పట్టి దాచారు, స్పీకరు అప్పజెపుతుంది. అందులో హార్మోనియం మెట్టు నొక్కి ఉంచితే స్వరం ఒకే మట్టాన నిలుస్తుంది. నటుడు రాగం తీస్తుంటే నాన్నగారి చేయి అతని ఊపిరినిబట్టి తిత్తి ఒత్తేది; స్వరం పొంగేది, సన్నగిల్లేది.

అలాగని హార్మోనియం గర్వపడనక్కరలేదు. గమకాలు పలకదని 1940లో రేడియోవారు దాన్నే వెలివేశారు. 1971లోగాని తలుపు కాస్త తెరవలేదు.

మనుమరాలు రెండూ విని, "తాతయ్యా, ఈ పెట్టె ఊపిరి తీస్తున్నది!" అన్నది. నా కళ్ళు చెమర్చాయి. తీరా చూస్తే తిత్తికి చిల్లి!

బాగుచేయించడానికి పంపాను. అటక ఖాళీ అయింది. మా ఆవిడ మాటే నెగ్గింది.