కుటిలునకు తృప్తి యెచ్చటినుండి వచ్చుచున్నది?

కుటిలుడు ఎంత పైకి వచ్చినను వానికి మనశ్శాంతి యుండదని మన పెద్దలు చెప్పుచుందురు. ఆదోని విపణిలో తూనికయందు నష్టపోయి యిల్లు చేరిన రైతు నోదార్చుటకును, పదోన్నతి చేజారిన నిజాయితీగల గుమాస్తాను సమాధానపఱచుటకును మనకు దొరకుచున్నది యీ మాటయే. మాట వినసొంపుగానే యున్నది. సత్యమా యని విచారించినచో కాదనియే చెప్పవలసివచ్చుచున్నది. ఈ యోదార్పును నమ్ముకొని కూర్చుండుటవలన మన విపణులకును, సంఘములకును, కార్యాలయములకును కలుగుచున్న కీడు స్వల్పము కాదు.

తోడివారిని తమ పనిముట్లుగా వాడుకొను స్వభావమును గూర్చి పాశ్చాత్య మనశ్శాస్త్రజ్ఞులు చాలకాలముగ పరిశోధనము చేయుచున్నారు. 2002లో కెనడా దేశమున పాల్హస్, విలియమ్స్ అనువారు ఇట్టి స్వభావములను మూడింటి నొకచోట జేర్చి వానికి 'చీకటి త్రయ'మని పేరిడిరి. మొదటిది ఆత్మశ్లాఘ, తన్ను మించినవాడు లేడను భావము. రెండవది కుటిలోపాయము, ఎవరి నెప్పుడు పొగడవలెనో, ఎవరి రహస్య మెప్పుడు బయటపెట్టవలెనో లెక్కగట్టి నడచుట. దీనికి వారు 1513లో 'ప్రిన్స్' అను రాజనీతిగ్రంథమును రచించిన ఇటలీవాడగు మాకియవెల్లీ పేరు పెట్టుకొనిరి. మూడవది నిర్దయ, పరుల బాధ తనకు సోకకుండుటయు, ముందువెనుక లాలోచింపక దుముకుటయు.

ఈ స్వభావములుగలవారు ఉద్యోగములయందు నెగ్గుచున్నారా, నెగ్గితిమని తాము భావించుచున్నారా యను ప్రశ్నను స్పర్క్, కెల్లర్, హిర్షి అను పరిశోధకులు జర్మనీలో పరీక్షించి 2016లో ఫలితములను ప్రకటించిరి. ఉద్యోగజీవిత మారంభించి కొలదికాలమే యైన 793 మంది ప్రైవేటు ఉద్యోగులు వారి ప్రశ్నలకు సమాధానము లిచ్చిరి. ఆత్మశ్లాఘాపరులకు జీతము హెచ్చుగా నుండెను. నిర్దయులు జీతమునందును, పదవియందును, తృప్తియందును వెనుకబడియుండిరి. నడిమివారి సంగతియే మన కిచ్చట ముఖ్యము. కుటిలోపాయపరులు అధికారస్థానములయందు హెచ్చుగా నుండుటయే గాక, తమ యుద్యోగాభివృద్ధి తమకు తృప్తికరముగా నున్నదని కూడ చెప్పిరి!

ఈ ఫలితమును ఉన్నదానికంటె పెద్దదిగా జూపుట మా యుద్దేశము కాదు. కుటిలత వలన పదవి వచ్చినదో, పదవియే కుటిలత నేర్పినదో ఇట్టి పరీక్ష తేల్చజాలదు. ఇరువదియేండ్ల పిమ్మట వారి గతి యేమగునో యిందు లేదు. తృప్తి యనగా తమ్ము గూర్చి తాము చెప్పుకొన్న మాటయే. అయినను, కుటిలునకు లోలోపల శాంతి యుండదను మన నమ్మకమునకు దీనియందు ఆధార మేమియు లేదు. మన కథకు లీ సంగతి నెరుగక పోలేదు. 1853లో వెలసిన చిన్నయసూరిగారి నీతిచంద్రికను బడిలో చదివినవారికి దమనకుడు జ్ఞాపకముండును. సింహమునకును ఎద్దునకును స్నేహము కుదిర్చినవాడును, దానిని చెరచి యెద్దును చంపించినవాడును వాడే. కరటకుడు వానికి నీతులు చెప్పెను గాని, వాని నిద్ర చెడినదని కథలో నెచ్చటను లేదు.

ఈ తృప్తికి మూల మెచ్చట? మా సమాధానము సులభమైనది. కుటిలుడు తన్ను తాను పదవితో కొలుచుకొనును. పదవి నిచ్చువారము మనము. వాని తృప్తి మన మిచ్చిన కూలి.

పత్తివ్యాపారమును చూచిన నిది తేటపడును. పూర్వము మన దేశమందలి పెక్కు విపణులలో ధరను నోటితో చెప్పుట లేదు. కొనువాడును దలాలియు రుమాలు చాటున చేతులు కలిపి వ్రేళ్లు నొక్కి బేరమాడెడివారు. సరకుగల రైతు ప్రక్కనే నిలుచుండి యేమియు నెరుగడు. ఆ రుమాలు క్రింద నెగ్గుటకు పత్తిపింజ పొడవు తెలియ నక్కరలేదు, దేశాంతరపు ధర తెలియ నక్కరలేదు. ఒకనికి తెలిసినది వేరొకనికి తెలియకుండ జూచుకొన్న చాలును. 1928లో నివేదిక సమర్పించిన వ్యవసాయ రాయల్ కమీషను నియంత్రిత విపణులు నెలకొల్పవలెనని కోరెను. 1933లో మద్రాసు ప్రభుత్వము వాణిజ్యపు పంటల విపణుల చట్టమును చేసెను. ఆదోని నాడు బళ్లారి జిల్లాలోనిది; 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరినది. అటుపిమ్మట 1966 నాటి మార్కెట్ల చట్టమును, 2016లో దేశమున నారంభమైన ఎలక్ట్రానిక్ విపణియు వచ్చినవి. ఈ సంస్కరణములు దలాలీలకు సద్బుద్ధి గలిగించినవని మే మనము. అవి రుమాలును తొలగించినవి. బహిరంగముగ వేలము జరుగుచోట ఆ దలాలియే పింజను చూచి, ధరను తెలిసికొని, వేళకు సొమ్ము చెల్లించి పేరు తెచ్చుకొనవలసివచ్చును. మనిషి మారలేదు, నెగ్గుటకు దారి మారినది.

చీకటి మూలలింకను మిగిలియున్నవి. కాటన్ కార్పొరేషన్ వారు పత్తిలో తేమ నూటికి 8 పాళ్లుండిన పూర్తి ధర యిచ్చి, 12 పాళ్ల వరకు తగ్గింపుతో గొందురు. 8కిని 12కును నడుమనున్న యీ సందును, పరీక్షించువాని చేతిలోని యంత్రము చూపు అంకెను రైతు కన్నులార చూడనియెడల, రుమాలు మరల వచ్చినట్లే. తరుగు లెక్కయు నంతే.

ఎమ్మిగనూరు చరిత్ర ఈ విషయమున మరింత బోధకము. నూలు అప్పుగా నిచ్చువాడును, నేసిన బట్టను కొనువాడును, లెక్క వ్రాయువాడును ఒక్కడే యైనప్పుడు మగ్గమువాని గతి యేమగునో మన మెరుగుదుము. వాడు జీవితమంతయు బాకీదారుడుగనే యుండును. తన బాకీ యెంతయో తాను చదువుకొనజాలడు. 1938లో మాచాని సోమప్పగా రచ్చట చేనేతవారి సహకార ఉత్పత్తి విక్రయ సంఘమును స్థాపించి, నూలు సరఫరాను, కూలిని, అమ్మకమును సభ్యుల సొంత సంఘము చేతికి దెచ్చిరి. 1954లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించినది. సోమప్పగారికి చాతుర్యము లేదని యెవ్వరనగలరు? అప్పులలో మునిగిన నేతగాండ్ర నొకచోట జేర్చుట అమాయకుల పని గాదు. పదిమందిని ఒప్పించుటయు, వేళ నెరిగి మాటలాడుటయు కుటిలత్వమని కొందరు ధర్మజ్ఞులు ముక్కు విరచుచుందురు; అది పొరబాటు. ఒప్పించినవాడు తన లెక్కను ఒప్పుకొన్నవాని చేతికిచ్చినచో నది చాతుర్యము. దాచినచో కుటిలత. సంఘమను పేరు తగిలించినంతమాత్రమున కుటిలత తొలగదు. సభ్యులు జమాఖర్చులను చదువుట మానిన సహకారసంఘములందు అది సుఖముగ కాపురముండును.

కావున మేము కుటిలులకు నీతిబోధ చేయబూనుట లేదు. వారు తృప్తులై యున్నారు. మా మాట వారి చెవి కెక్కదు. గుమాస్తాలను నియమించు దుకాణదారులకును, మేనేజర్లను పైకి దెచ్చు మిల్లు యజమానులకును, సంఘములకు డైరెక్టర్ల నెన్నుకొను పెద్దలకును చెప్పుచున్నాము. 'వాడు గట్టివాడు, ఎవరినైన పడగొట్టును' అని మనము మీసము దువ్వి మెచ్చుకొన్నప్పుడెల్ల దమనకుని కొలువున బెట్టుకొనుచున్నాము. రైతును పడగొట్టుట నేర్చినవాడు, రేపు యజమానిని పడగొట్టుట కేమి జంకును? ఒకనికి పదవి నిచ్చుటకు ముందు వాని పైవారి సిఫారసు చాలదు. వాని క్రింద పనిచేసినవారిని, వానితో రెండవసారి బేరమునకు వచ్చినవారిని అడుగవలెను. పైవానికి కుటిలుడెన్నడును తన ముఖము చూపడు. క్రిందివాని కదియే నిత్యదర్శనము.

మార్కెట్ కమిటీవారును, సంఘముల పాలకవర్గములవారును ఈ పత్తికాలమున చేయదగిన పనులు కలవు. తేమ చూపు యంత్రపు ముఖమును రైతువైపునకు త్రిప్పి యుంచవలెను. తరుగును, హమాలీ కూలిని, కమీషనును వేరువేరుగా తక్‌పట్టీలో తెలుగున వ్రాసి అప్పటికప్పుడే యియ్యవలెను. నేతసంఘములలో నూలు ధరయు, బట్ట అమ్మిన ధరయు నెలనెల గోడకు అంటింపవలెను. వీనిలో దేనికిని క్రొత్త చట్టము గాని, హెచ్చు వ్యయము గాని అక్కరలేదు. ఎవ్వరైన నిందుల కడ్డుచెప్పినచో వారి కారణములను సభలో నిలిచి చెప్పుమని సభ్యులును రైతులును కోరవలెను.