సముద్రం చూడాలంటే మోకాళ్ళు బాగుండాలా?

వాకర్ పట్టుకుని నడిచే పెద్దావిడ "సముద్రం చూడాలనుందిరా" అంటే ఇళ్ళల్లో వినిపించే జవాబులు రెండే. ఒకటి, "ఈ వయసులో సముద్రమెందుకమ్మా?" రెండోది, "ఏం పర్లేదు, నలుగురం ఎత్తుకెళ్తాం." రెండోదాంట్లో ప్రేముంది, కాదనను. కానీ బీచంతా చూస్తుండగా బియ్యం బస్తాలా వెళ్ళాలని ఎవరికుంటుంది చెప్పండి?

మా పెద్దమ్మది గుడివాడ. ఆవిడ కోసం బందరు, దివిసీమ ట్రిప్పు వేద్దామని కార్లు అద్దెకిచ్చే ఒకాయనకి ఫోన్ చేశా. ఒక్కరోజులో ఎన్ని చోట్లు తిప్పుతాడో గడగడా చెప్పాడు. "కారు దిగాక ఎంత నడవాలి? ఎన్ని మెట్లున్నాయి? కమోడ్ ఉన్న బాత్రూమ్ ఎక్కడుంది?" అంటే మాత్రం "అక్కడికెళ్ళాక చూసుకుందాం లెండి" అన్నాడు. ఈ మూడిటికీ జవాబు లేకపోతే అసలది ప్లానెలా అవుతుంది?

మంగినపూడి బీచి బందరుకి 11 కిలోమీటర్లు. అక్కడ నల్లమట్టి, లోతు తక్కువ. నడిచేవాళ్ళకి అది సుఖమే గానీ తడిమట్టిలో చక్రాల కుర్చీ ముందు చక్రాలు దిగబడిపోతాయి. కార్తీక పౌర్ణమి జనంలో అయితే ఇక చెప్పక్కర్లేదు. హంసలదీవి సంగతి ఇంకోటి. వేణుగోపాలస్వామి గుడి ఒకచోట, కృష్ణ సముద్రంలో కలిసేది అక్కడికి కొన్ని కిలోమీటర్ల అవతల. రెండూ ఒకటే అనుకుని బయల్దేరితే అవస్థ. కారు దిగకుండా చూడగలిగేది చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్ళే దారి, పులిగడ్డ-పెనుమూడి వంతెన మీంచి కృష్ణమ్మ. రోజుకి ఒక్క చోటు, సాయంత్రంపూట. అంతకుమించి వద్దు.

అయితే "కారులోంచి చూసుకోండి" అన్నది సర్దుబాటే గానీ పరిష్కారం కాదు. మా సాఫ్ట్‌వేర్‌లో అరుదుగా ఎదురయ్యేదాన్ని ఎడ్జ్ కేస్ అని పక్కన పెట్టేస్తుంటాం. ముసలితనం ఎడ్జ్ కేస్ కాదండీ బాబూ, బతికుంటే అందరికీ వచ్చేదే!

ఇదేమీ దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అందరూ వాడుకోగలిగే సదుపాయాలు కల్పించాలంటోంది. ఈ విషయంలో ఉత్త సలహాలు చాలవు, తప్పనిసరిగా పాటించే ప్రమాణాలుండాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

"తుపాన్లొచ్చే చోట కడితే నిలుస్తుందా?" అంటారు. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో నీళ్ళ దగ్గరిదాకా చెక్కబాట వేశారు. డిసెంబరులో మాండూస్ తుపానుకి దెబ్బతింది. బాగుచేసి మళ్ళీ తెరిచారు. అంతే కదా చెయ్యాల్సింది! 1977 ఉప్పెనలో ఊళ్ళకూళ్ళు కొట్టుకుపోయినా మళ్ళీ నిలబడ్డ దివిసీమ వాళ్ళకి తుపాను సాకు చెప్తే నవ్విపోతారు.

అందుకని మంగినపూడిలో చెక్కబాట, చేతికి పట్టుకునే కమ్మీ, దగ్గర్లో కమోడ్ ఉన్న బాత్రూమ్ కావాలని గట్టిగా అడుగుదాం. ఈలోగా ట్రిప్పు బుక్ చేసేటప్పుడు, మీ ఇంట్లో వాకర్ లేకపోయినా సరే, ఆ మూడు ప్రశ్నలూ అడగండి. పదిమంది అడిగితే పదకొండోవాడికి జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఏమంటారు?