రెట్ట గాదు, పురుగు

గూడూరు నిమ్మకైనను, నల్లగొండ బత్తాయికైనను, అనంతపురము చీనీకైనను శత్రువొక్కటే. చిగుళ్లు పోయి ఈనెలు మిగిలిన పిదప రైతు వెదకి, లావుపాటి పచ్చపురుగును గాంచి, దొంగ దొరికెనని మందు కొనుటకై పరుగిడుచున్నాడు. దొంగ దొరికినమాట నిజమే. కాని సొత్తు అప్పటికే పోయినది. ఈ పురుగును ముందుగా గుర్తింపలేకపోవుటయే మన నష్టమునకు మూలమని మా యభిప్రాయము.

ఇది నలుపుపై లేతపసుపు మచ్చలుగల నిమ్మ సీతాకోకచిలుక సంతానము. తల్లి లేతయాకులపై ఆవగింజకంటె చిన్నవైన గుండ్రని గ్రుడ్లను ఒక్కొక్కటిగా పెట్టును. పొదిగి వెలువడిన పురుగునకు అయిదు దశలు. మొదటి నాలుగు దశలయందును ముదురు గోధుమవన్నె మేనిపై తెల్లని పట్టెలతో అచ్చముగా పిట్టరెట్టవలె నుండును. పక్షులను మోసగించుటకు ప్రకృతి యిచ్చిన వేషమది; పక్షులతోపాటు మనమును మోసపోవుచున్నాము. పచ్చవన్నె అయిదవ దశలోగాని రాదు. అప్పటికది ఒకటిన్నర యంగుళము వఱకు పెరిగి, మునుపటికంటె మిక్కుటముగా తినును.

అనుమానము గలిగిన రెట్టను పుల్లతో తాకి చూడుడు. పురుగైనచో తలవెనుకనుండి చీలిన కొమ్మువంటిదానిని వెలికిదీసి ఘాటైన వాసన విడుచును. అది కుట్టదు; చేతితో నేరివేయవచ్చును. ఆకులో వెండిగీతలవంటి వంకరదారులున్నచో నది ఆకుతొలుచు పురుగు; దాని వైద్యము వేఱు.

తోటయంతయు ఏరుటకు కూలీలెక్కడ అని కొందఱందురు. తోటయంతయు ఏరుమని మేమనలేదు. పెద్దచెట్టు కొన్ని యాకులు పోయినను మరల చిగిర్చును. నారుమొక్కయు, క్రొత్తగా నాటిన మొక్కయు అట్లు గాదు. ఆకు పోయిన కట్టెయై నిలుచును. చిగురు వచ్చు దినములలో వానిని మాత్రము ఉదయమున చూచుకొనిన చాలును. చేరువనున్న కరివేప, మారేడు, వెలగ చెట్లను గూడ చూడవలెను. ఈ సీతాకోక వానిపైనను గ్రుడ్లు పెట్టును.

ఉద్ధృతి మీఱినచో మందు వలదనము. కాని ఈ గ్రుడ్లలో తమ గ్రుడ్లుంచి వానిని నశింపజేయు మిక్కిలి చిన్న కందిరీగజాతి కీటకములు తోటలోనే యున్నవి. ఘాటైన మందునకు అవియును బలియగును. రైతు పైకము వెచ్చించి తన మిత్రులను తానే చంపుకొనుట వివేకమా?

కావున సభ్యసోదరులారా! మందునకై సంఘములో అప్పు వ్రాయించుకొనుటకు ముందు, ఒక్కమారు పుల్ల చేతబట్టి తోట చుట్టి రండని మా మనవి.