కుట్లు విప్పాక ఏమైంది?

గర్భసంచి ఆపరేషన్ చేయించుకున్న మనిషికి ఆసుపత్రిలో ఇచ్చే డిశ్చార్జి కాగితం చూడండి. ఏం తీశారో, ఏ మాత్రలు ఎన్నాళ్లు మింగాలో, కుట్లు ఎప్పుడు విప్పుతారో ఉంటుంది. రేపల్లె రైలెక్కి తెనాలి వచ్చి ఆపరేషన్ చేయించుకుపోయిన ఆ మనిషి, ఏడాది తర్వాత వరి నాట్లకు వంగగలుగుతోందా, నడుం నొప్పి తగ్గిందా, చేసిన అప్పు తీరిందా అన్నది మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. ఆపరేషన్ చేసిన డాక్టరుకూ తెలియదు. వైద్య ఆర్థికశాస్త్రం, చికిత్సా ఫలితాల పరిశోధన అని పెద్ద పేర్లతో పిలిచే పని నిజానికి ఇదే: కుట్లు విప్పాక జరిగినదాన్ని తిరిగి డాక్టరు బల్ల మీదికి తేవడం.

మన రాష్ట్రానికి దీని అవసరం చాలా ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. ఇంత తేడా ఒక్క జబ్బుల వల్లే వచ్చిందంటే నేను నమ్మను. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేశారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అనవసర ఆపరేషన్లను అరికట్టమని రాష్ట్రాలను ఆదేశించింది. ఇవి కావలసిన కట్టుబాట్లే. కానీ "తీసేయండి డాక్టరుగారూ, ఉంచితే క్యాన్సరవుతుందంట" అని ఎదురుగా కూర్చున్న ముప్పై నాలుగేళ్ల మనిషికి ఏం చెప్పాలో అవి నేర్పవు. బ్రిటన్‌లో అధిక రక్తస్రావంతో బాధపడే 571 మందిపై చేసి 2013లో ప్రచురించిన పరిశోధన ఆ పని కొంత చేసింది. హార్మోన్ లూప్ వేయించుకున్నవారిని, మామూలు మందులు వాడినవారిని రెండేళ్లపాటు పోల్చారు. ఇంటిపని, ఉద్యోగం, మనసు ఎలా ఉన్నాయో ఆ మహిళలనే అడిగి కొలిచారు. లూప్ వేయించుకున్నవారు మెరుగ్గా ఉన్నారు. రెండు వర్గాల్లోనూ చాలామందికి ఆపరేషన్ అవసరమే పడలేదు. మన రక్తహీనతకు, మన కూలి రేట్లకు సరిపోయే ఇలాంటి లెక్క మన దగ్గర కూడా కట్టాలి.

ఖర్చు లెక్క అనగానే "వైద్యానికి కోత పెట్టడానికే" అని డాక్టర్లు అనుమానిస్తారు. అది కాదనలేని భయం. కానీ ఇక్కడ లెక్క డాక్టరు పక్షానే నిలుస్తుంది. మన పథకాలు ఆపరేషన్‌కు ఇచ్చినంత తేలికగా నెలనెలా మందులకు, ఓపిగ్గా కనిపెట్టి చూడడానికి డబ్బివ్వవు. "ఆగుదాం, ముందు మందులు వాడి చూద్దాం" అనే డాక్టరుకు చేతిలో ఆధారమూ లేదు, వెనక డబ్బూ లేదు. ఆపరేషన్ ధర పథకం ఇచ్చే ప్యాకేజీతో తీరిపోదు. కోలుకునే రోజుల్లో పోయే కూలి కూడా ఖర్చేనని గుర్తించబట్టే 2019 డిసెంబరులో మన రాష్ట్రంలో ఆరోగ్య ఆసరా పథకం కింద రోజుకు 225 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు. చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం ఏ ప్యాకేజీలోనూ కనపడని బాకీలు.

ఫలితాలను పోలిస్తే కష్టమైన కేసులు తీసుకునే డాక్టరుకు చెడ్డపేరు వస్తుందన్న అభ్యంతరం ఇంకా బలమైంది. అందుకే రోగి వయసు, రక్తం శాతం, మిగతా జబ్బులు కలిపి చూడకుండా ఎవరి ఫలితాలనూ పోల్చకూడదు. ఆ అంకెలు ముందు ఆ డాక్టరుకే చేరాలి, పత్రికలకు కాదు. చికిత్సల విలువ బేరీజు వేసే విభాగం కేంద్రంలో 2017 నుంచే ఉంది. ఆ పని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రభుత్వాసుపత్రుల దాకా దిగాలి. ఈ ఒక్క ఆపరేషన్‌తో మొదలుపెట్టవచ్చు. పథకం కింద చేరిన మనిషి ఫోన్ నంబరు ఎలాగూ నమోదై ఉంటుంది. ఆరు నెలలయ్యాక ఒకసారి, ఏడాదయ్యాక ఒకసారి ఏఎన్‌ఎం ఫోన్ చేసి అడగాల్సినవి నాలుగే: నొప్పి ఎలా ఉంది, పనికి వెళ్తున్నావా, మళ్లీ ఆసుపత్రికి ఎన్నిసార్లు వెళ్లావు, అప్పు ఎంత మిగిలింది.