అమెరికా వెళ్ళే పెద్దలారా, ముందు నోరు తెరవండి

పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు పచ్చళ్ళు, పొడులు, ఆరు నెలలకు సరిపడా మందులు సర్దుకుంటారు. పళ్ళు మాత్రం చూపించుకోరు. "అక్కడ పెద్ద డాక్టర్లు ఉన్నారు గదా" అంటారు. ఉన్నారు, నిజమే. కాని అక్కడి పద్ధతి వేరు. అది తెలుసుకోకుండా విమానం ఎక్కడం మంచిది కాదని మా నర్సింగ్ విభాగం అభిప్రాయం.

అమెరికాలో పంటి వైద్యానికి ఇన్సూరెన్స్ సాధారణంగా వేరుగా తీసుకోవాలి. 65 ఏళ్ళు దాటిన అక్కడి పౌరులకు 1965 చట్టంతో వచ్చిన మెడికేర్ పథకం కూడా మామూలు పంటి వైద్యానికి, కట్టుడు పళ్ళకు డబ్బు చెల్లించదు. ఇక చూడటానికి వెళ్ళిన మన సంగతి చెప్పేదేముంది? ప్రయాణ ఇన్సూరెన్స్‌లలో చాలావరకు అంతకుముందే ఉన్న జబ్బులను మినహాయిస్తారు. పుచ్చిన పన్ను విమానంలో గాలి ఒత్తిడి మారినప్పుడే నొప్పి పెట్టవచ్చు. షుగరు అదుపులో లేనివారికి చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది. ముదిరిన చిగుళ్ళ జబ్బు తిరిగి షుగరును పెంచుతుంది. అందుచేత ప్రయాణానికి రెండు నెలల ముందే దంత వైద్యునికి చూపించుకోండి. కట్టుడు పళ్ళు ఒక్క రోజులో అయ్యే పని కాదు.

మందుల చీటీ మీద కంపెనీ పెట్టిన పేరు మాత్రమే ఉంటే అక్కడి వారికి అర్థం కాదు. మందు అసలు పేరు, మోతాదు రాయించుకోండి. ఆ అసలు పేర్లలోనూ కొన్ని మారతాయి. మన పారాసెటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. రెండూ ఒకటేనని తెలియక కలిపి వేసుకుంటే కాలేయానికి ముప్పు. ఆయాసానికి వాడే సాల్బుటమాల్‌కు అక్కడ ఆల్బుటెరాల్ అని పేరు.

వీటన్నిటికంటే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది, పెద్దలు జబ్బు దాచుకోవడం. పిల్లలకు ఖర్చవుతుందని ఛాతీ నొప్పిని గ్యాస్ అని సరిపెట్టుకుంటారు. 1986 నాటి చట్టం ప్రకారం అక్కడ దాదాపు ఏ ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళినా, డబ్బు గురించి ఆలస్యం చేయకుండా పరీక్షించి, ప్రాణాపాయం ఉంటే ముందు దానికి వైద్యం చేయాలి. అది ఉచితం కాదు, బిల్లు తరువాత వస్తుంది. బిల్లు తగ్గించమని ఆస్పత్రిని అడగవచ్చు, వాయిదాలు కోరవచ్చు. చచ్చిపోయిన గుండె కండరాన్ని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. ఛాతీ నొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా వెంటనే 911కు ఫోను చేయించండి.

కొడుకు, అల్లుడు ఎదురుగా గర్భసంచి, మూత్రం బాధలు చెప్పలేక ఊరుకునే తల్లులు చాలామంది. ప్రభుత్వ నిధులు పొందే ఆస్పత్రులు అక్కడ దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. తెలుగు తెలిసినవారు కావాలని అడగండి. ఫోనులోనైనా మాట్లాడిస్తారు. పిల్లలు కాసేపు బయట కూర్చోవడం తప్పు కాదు.

టిక్కెట్టు కొనే పిల్లలకూ ఒక మాట. తేదీ చూసే ముందు అమ్మానాన్నల పళ్ళు, బి.పి., షుగరు సంగతి అడగండి. ఇన్సూరెన్స్ కాగితం చివరిదాకా చదవండి. ఇక మా బాధ్యత మాకుంది. జబ్బుల వివరాలు, మందుల అసలు పేర్లు, పడని మందులు అర్థమయ్యేలా రాసి ఇవ్వడం ఆస్పత్రి సిబ్బంది చేసే ఉపకారం కాదు, మీ హక్కు. మొహమాటపడక మా ఓ.పి. సిస్టర్లను అడగండి.