ముక్కుకి కాస్త మట్టి!

మాడుగుల అనగానే హల్వా గుర్తొస్తుంది. కానీ అది కొండ కింద మాడుగుల. మా అక్కావాళ్లు ఉండేది కొండమీద... పాడేరు దాటాక వచ్చే జి.మాడుగులలో. బావ అక్కడ టీచరు. సంక్రాంతికి వెళ్లేసరికి ఏడో తరగతి చదివే మేనల్లుడు గుమ్మంలోనే పట్టుకున్నాడు. 'మామయ్యా, నా రాకెట్ గ్లైడర్ నువ్వే ఎగరెయ్యాలి!'

అమెరికా నుంచి వచ్చిన బంధువులెవరో ఇచ్చిన కిట్టు అది. అట్ట గొట్టం, తేలికపాటి బాల్సా చెక్క రెక్కలు, తోక... అన్నీ ఉన్నాయి, మోటారు తప్ప. అందులో మందు ఉంటుంది కాబట్టి విమానంలో తేనివ్వరు.

'దీపావళి తారాజువ్వ ఒకటి మిగిలింది. దాన్ని కట్టేద్దాం' అన్నాడు తాపీగా.

నా గుండె గుభేలుమంది. కుడి అరచేతిలో మచ్చ చూపించాను. వాడి వయసులో నేనూ టపాకాయల్లో మందు తీసి పెన్ను గొట్టంలో కూరాను. అది పైకి లేవలేదు, చేతిలోనే పేలింది. పదిహేను రోజులు అమ్మే అన్నం కలిపి తినిపించింది.

ఈ ముచ్చట మనదొక్కటే కాదు. 1950ల్లో అమెరికా పిల్లలూ రాకెట్ల మోజుతో ఇలాగే ఒళ్లు కాల్చుకునేవారు. ఆర్విల్ కార్లైల్ అనే చెప్పుల దుకాణదారు 1954లో చిన్న మోడల్ రాకెట్ తయారుచేశాడు. 1957లో హ్యారీ స్టైన్ అనే రాకెట్ నిపుణుడు దాన్ని చూసి, పిల్లలకి ఇదే క్షేమమని ప్రచారంలోకి తెచ్చాడు. వాళ్ల సూత్రం ఒకటే... మందు కూరే పని పిల్లలు చెయ్యకూడదు.

గ్లైడర్ సంగతి మరీ తమాషాగా ఉంటుంది. పైకి వెళ్లేటప్పుడు రాకెట్, కిందికి వచ్చేటప్పుడు గద్ద! 2016 మే 23న శ్రీహరికోటలో ఇస్రో చేసింది ఇలాంటి పనే. ఆరున్నర మీటర్ల ఆర్‌ఎల్‌వీ-టీడీ అనే రెక్కల వాహనాన్ని రాకెట్ 56 కిలోమీటర్ల ఎత్తులో వదిలింది. అది ఆ ఊపుతోనే 65 కిలోమీటర్లదాకా వెళ్లి, ధ్వనికి అయిదు రెట్ల వేగంతో తిరిగొచ్చి బంగాళాఖాతంలో దిగింది. అలాంటి మరో వాహనాన్ని 2023, 2024ల్లో చిత్రదుర్గ దగ్గర హెలికాప్టర్ నుంచి వదిలితే తనంతట తానే రన్‌వే మీద వాలింది.

'మరి మనకి మోటారు?' అన్నాడు వాడు. రబ్బరు ఉందిగా! పంగలకర్రలా లాగి వదిలితే చాలు. రాత్రి రెక్కలకి జిగురు పెట్టి ఆరబెట్టాం.

పొద్దున్నే మంచు విడిచాక కోతలైన వరి మడిలోకి వెళ్లాం. పక్కనే గడ్డివాము. తారాజువ్వ కట్టి ఉంటే... తలచుకుంటేనే భయమేసింది.

రబ్బరుతో లాగేముందు చేత్తో విసిరి చూడాలి. విసిరాను. ముక్కు పైకెత్తి, క్షణం ఆగి, వెనక్కి జారి పడిపోయింది. మళ్లీ అంతే. రెక్కలే వంకరన్నాను నేను. వాడి క్లాసు పిల్ల ఒకమ్మాయి గట్టుమీంచి చూస్తోంది. 'కావిడి వెనక్కి తూగుతోంది సార్. ముందు బరువెయ్యండి' అంది.

నిజమే! మడిలో బంకమట్టి తీసి ముక్కుకి అంటించాం. ఈసారి ముక్కుమీదే పడింది. గోటితో కొంచెం కొంచెంగా గీకుతూ విసరగా విసరగా, నాలుగోసారి బల్లపరుపుగా సాగింది. అప్పుడు పంగలకర్ర ఆ అమ్మాయి చేతికిచ్చాం. లాగి వదిలింది. సర్రున లేచి, తిరిగి, నింపాదిగా మడి దాటి అవతలి గట్టుమీద వాలింది. పిల్లలిద్దరూ కేకలు పెడుతూ పరుగు.

మీ పిల్లలు అడిగితే కిట్టే కొనక్కర్లేదు. పాత థర్మోకోల్ అట్ట, కాస్త మట్టి చాలు. పక్కన మీరుంటే మరీ మంచిది.

సాయంత్రం బస్సెక్కించడానికి వచ్చాడు మేనల్లుడు. 'చెయ్యి ఇప్పుడూ నొప్పెడుతుందా మామయ్యా?' అనడిగాడు. లేదన్నాను. జేబులోంచి తారాజువ్వ తీసి నా చేతిలో పెట్టాడు. తడితడిగా ఉంది. నీళ్ల బకెట్లో నానబెట్టి మరీ తెచ్చాడు!